తక్కువ ప్రెషర్‌లో నైట్రోజన్ పారుతుండగా నాఫ్తలీన్ ఆవిరి ఎదురు వైపు పాకుతోంది, ఎందుకు?

బ్రాడీపేట_ల్యాబ్
నాఫ్తలీన్ బాష్పపీడనం కొలిచే ప్రాక్టికల్ ఇది. 25 మి.మీ. లోపలి వ్యాసం, 60 సెం.మీ. పొడవు ఉన్న గాజు గొట్టం అడ్డంగా బిగించి ఉంది. నడుమ 10 సెం.మీ. గాజు పడవలో నాఫ్తలీన్ పొడి. ఎడమ నుంచి నైట్రోజన్ 5 ఎస్‌సీసీఎం (ప్రామాణిక పరిస్థితుల్లో నిమిషానికి 5 ఘన సెం.మీ.), కుడి వైపు ఐసు ట్రాప్, దాని వెనక రెండు దశల రోటరీ పంపు. లోపల 10 మిల్లీబార్. గొట్టానికి నీళ్ల జాకెట్ ఉంది, 30 డిగ్రీలు. గంటలో పడవ బరువు ఎంత తగ్గిందో చూసి, ఆ గంటలో పోయిన నైట్రోజన్‌తో పోల్చి బాష్పపీడనం లెక్కగడతాం.

వస్తున్న విలువ పుస్తకాల్లో ఉన్నదానికంటే 12, 13 శాతం ఎక్కువ. అనుమానమొచ్చి పడవకి 8 సెం.మీ. ఎగువన ఐసు నీళ్లు తిరిగే కోల్డ్ ఫింగర్ దించితే, దాని మీద గంటకి 4 మి.గ్రా. దాకా తెల్లగా పేరుకుంటోంది. గ్యాస్ ఇటు నుంచి అటు పారుతుంటే ఆవిరి అటు నుంచి ఇటు ఎలా వస్తోంది?

ప్రెషర్ దించితే గ్యాస్ వేగం పెరిగి ఊడ్చుకుపోతుందని 2 మిల్లీబార్‌కి తెచ్చాం. వేగం ఐదింతలైంది. కోల్డ్ ఫింగర్ మీద పేరుకునేది తగ్గకపోగా 20 మి.గ్రా. దగ్గరికి పోయింది. లీకు అనుకోవాలా?

పటమట_పిరానీ
లీకు కాదండీ. లీకు ఉంటే ఎదురు వైపు పాకడం తగ్గాలి గానీ పెరగదు, ఎందుకంటే ఎడమ వైపు లీకైన గాలి కూడా నైట్రోజన్‌లాగే ఆవిరిని కుడికే తోస్తుంది.

జరుగుతున్నది ఇది. ఎస్‌సీసీఎం మార్చకుండా ప్రెషర్ ఐదో వంతుకి దించితే గ్యాస్ వేగం ఐదింతలవుతుంది, నిజమే. కానీ వ్యాపన గుణకం (ఆవిరి గ్యాస్‌లో ఎంత చురుగ్గా పరుచుకుంటుందో చెప్పే అంకె) కూడా ప్రెషర్‌కి విలోమంగానే మారుతుంది, అదీ ఐదింతలవుతుంది. ఆవిరి ఎదురు వైపు ఎంత దూరం పాకుతుందో తేల్చేది వేగం ఒక్కటే కాదు, వేగాన్ని వ్యాపన గుణకంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి. అది కదల్లేదు. బందరు కాలువ వడి రెట్టింపైతే ఎదురీదేవాడి సత్తువా రెట్టింపైనట్టు.

కాబట్టి ఈ పనిలో ప్రెషర్ మీటను పట్టుకుని లాభం లేదు. పనిచేసే మీటలు రెండే: ఎస్‌సీసీఎం, గొట్టం అడ్డుకోత.

కాగితం_కలం
పై మాటకి అంకెలు వేస్తున్నాను, ఎవరి గొట్టానికి వాళ్లు మార్చుకోండి.

ముందు ప్రవాహం. 1 ఎస్‌సీసీఎం అంటే 0 డిగ్రీల దగ్గర సెకనుకి 16.9 మిల్లీబార్-ఘన సెం.మీ. దాన్ని 30 డిగ్రీలకి తేవాలంటే 303/273తో గుణించాలి, 18.8 వస్తుంది. 5 ఎస్‌సీసీఎంకి 94. గొట్టం అడ్డుకోత 4.91 చ.సెం.మీ. 10 మిల్లీబార్ దగ్గర వేగం = 94 ÷ 10 ÷ 4.91, అంటే సెకనుకి 1.9 సెం.మీ.

తర్వాత వ్యాపన గుణకం. నాఫ్తలీన్‌కి గాలిలో, వాతావరణ పీడనం దగ్గర, 30 డిగ్రీలకి సుమారు 0.07 చ.సెం.మీ. సెకనుకి. నైట్రోజన్‌కీ అదే వాడొచ్చు, తేడా స్వల్పం. 10 మిల్లీబార్‌కి 101 రెట్లు, అంటే 7.1.

నిష్పత్తి 1.9 ÷ 7.1 = 0.27 ప్రతి సెం.మీ.కి. ఎదురు దిశలో సాంద్రత ఘాతీయంగా పడుతుంది, ప్రతి 3.7 సెం.మీ.కీ 2.7 వంతుల్లో ఒక వంతు మిగులుతుంది. వందో వంతుకి చేరాలంటే 17 సెం.మీ. కావాలి. మీ కోల్డ్ ఫింగర్ 8 సెం.మీ.లోనే ఉంది.

ఇప్పుడు పేరుకునే బరువు. 30 డిగ్రీల దగ్గర నాఫ్తలీన్ బాష్పపీడనం 0.18 మిల్లీబార్, అంటే సంతృప్త ఆవిరి ఘన సెం.మీ.కి 0.93 మైక్రోగ్రాములు. కోల్డ్ ఫింగర్ దగ్గర సాంద్రత దాదాపు సున్నా అనుకుంటే ఎదురు దిశలో పోయేది = వేగం × అడ్డుకోత × సంతృప్త సాంద్రత ÷ (ఘాత విలువ − 1). ఘాత విలువ అంటే 2.718ని 8 × 0.269 = 2.15 ఘాతానికి పెంచితే వచ్చేది, 8.6. లెక్క తేలితే గంటకి 4.1 మి.గ్రా. మీరు చెప్పిన అంకె అదే. 2 మిల్లీబార్‌కి నిష్పత్తి మారదు, వేగం మాత్రం ఐదింతలు, అందుకే 20 మి.గ్రా. మీ పరికరం అబద్ధం చెప్పడం లేదు.

ముందుకి పోయేది కూడా వేసి చూడండి. 5 ఎస్‌సీసీఎం నైట్రోజన్ 10 మిల్లీబార్ దగ్గర నిండుగా ఆవిరి ఎత్తుకుంటే గంటకి 31 మి.గ్రా. దానిలో 4 అంటే 13 శాతం. ఎగువన ఆవిరిని పట్టుకునే చల్లటి చోటు ఉన్నప్పుడు పడవ బరువు తగ్గుదల మొత్తం నైట్రోజన్ ఖాతాలో వేస్తే బాష్పపీడనం ఆ మేరకి ఎక్కువ వస్తుంది.

ఆటోనగర్_పంపు
దానికి మందు చిన్నదే. పడవకి 3 సెం.మీ. ఎగువన టెఫ్లాన్ బిరడా పెట్టండి. 25 మి.మీ. గొట్టంలో బిగుతుగా కూర్చునేలా లేత్ మీద తిప్పించి, నడుమ 4 మి.మీ. రంధ్రం, 2 సెం.మీ. మందం. బయటి అంచుకి ఓ-రింగ్ గాడి కోయించండి, లేకపోతే గాజుకీ టెఫ్లాన్‌కీ మధ్య సందులోంచి ఆవిరి పాకి రంధ్రం పెట్టిన ఫలితం పోతుంది. గాజు గొట్టం లోపలి వ్యాసం చివరి నుంచి చివరికి ఒకేలా ఉండదు, 0.3 మి.మీ. అటూ ఇటూ ఉంటుంది. కాబట్టి బిరడా కూర్చునే చోటే కొలిచి లేత్ వాడికి చెప్పాలి. లేత్ పనికి ఇక్కడ చాలా షాపులున్నాయి, టెఫ్లాన్ రాడ్ మాత్రం ముందే కొనుక్కుని వెళ్తే ఒక్క పూటలో అయిపోతుంది. నైలాన్ ఇస్తామంటారు, వద్దనండి.

రంధ్రాన్ని మరీ 1 మి.మీ.కి కోయించకండి. సన్నగా చేస్తే ఎగువ గేజ్‌కీ పడవ దగ్గర అసలు ప్రెషర్‌కీ తేడా వచ్చేస్తుంది. అసలు గేజ్‌ని ఎగువన పెట్టి పడవ ప్రెషర్ అనుకోవడమే అలవాటుగా చేస్తారు.

కాగితం_కలం
4 మి.మీ. రంధ్రంలో వేగం (25/4) వర్గం, అంటే 39 రెట్లు. వ్యాపన గుణకం అదే. నిష్పత్తి సెం.మీ.కి 10.5 అవుతుంది. 2 సెం.మీ. దాటేసరికి మిగిలేది వంద కోట్లలో ఒక వంతు స్థాయి. అంత అవసరం లేదు, 1 సెం.మీ. మందం చాలు, బిరడా నిటారుగా నిలవడానికి 2 సెం.మీ. బాగుంటుంది. పీడన నష్టం 10 మిల్లీబార్ దగ్గర 5 ఎస్‌సీసీఎంకి మిల్లీబార్‌లో వందో వంతు కూడా ఉండదు, 1 మిల్లీబార్ దగ్గర 0.05 వరకు ఉంటుంది.

బ్రాడీపేట_ల్యాబ్
బిరడా చేయించే బదులు 5 ఎస్‌సీసీఎంని 50కి పెంచితే సరిపోదా? వాల్వ్ తిప్పడమే కదా పని.

సూక్ష్మతుల
వెనక్కి పాకడం ఆగుతుంది, కానీ ఇంకో తప్పు మొదలవుతుంది బాబూ. నైట్రోజన్ నిండుగా ఆవిరి ఎత్తుకోకుండానే పడవ దాటేస్తుంది.

ఆవిరి పడవ మీది నుంచి గొట్టం పైకప్పు దాకా వ్యాపించాలి, ఆలోగా గ్యాస్ కొంత దూరం పోతుంది. ఆ దూరం వేగం × వ్యాసార్ధ వర్గం ÷ వ్యాపన గుణకం. 5 ఎస్‌సీసీఎంకి ఇది 0.42 సెం.మీ., 50కి 4.2 సెం.మీ. కింది నుంచి ఒక్క వైపే ఆవిరి వస్తుంది కాబట్టి 99 శాతం నిండాలంటే దీనికి ఏడెనిమిది రెట్ల పొడవు పడవ కావాలి. 5 ఎస్‌సీసీఎంకి 3 సెం.మీ. చాలు, మీ పడవ 10 ఉంది, నిశ్చింత. 50 ఎస్‌సీసీఎంకి 31 సెం.మీ. కావాలి. 10 సెం.మీ. పడవతో సుమారు 80 శాతమే నిండుతుంది. 13 శాతం ఎక్కువ పోయి 20 శాతం తక్కువ వచ్చి కూర్చుంటుంది.

ఇక్కడ గమనించవలసింది: ఆ దూరంలో ప్రెషర్ లేదు, గొట్టం వ్యాసం కూడా లేదు. వేగం అడ్డుకోతకి విలోమం, వ్యాసార్ధ వర్గం అడ్డుకోతకి అనులోమం, రెండూ కొట్టేసుకుంటాయి. గొట్టం లావు చేసినా, పంపు పెద్దది పెట్టినా ఎస్‌సీసీఎం ఎంత అన్నదే లెక్క. రెనాల్డ్స్ సంఖ్య (ప్రవాహంలో సుడులు పుడతాయో లేదో చెప్పేది) కూడా ఈ గొట్టంలో 50 ఎస్‌సీసీఎం దగ్గర 3, అదీ ప్రెషర్‌తో మారదు. సుడులు కలుపుతాయన్న ఆశ అక్కర్లేదు.

ఈ ప్రయోగాన్ని నమ్మాలంటే ఒక్క ప్రవాహం దగ్గర చేసి ఊరుకోకూడదు. 2, 5, 10, 20, 50 ఎస్‌సీసీఎంలలో చేసి, వచ్చిన బాష్పపీడనాన్ని ప్రవాహానికి ఎదురుగా గ్రాఫ్ గీయాలి. ఎడమ కొసన వ్యాపనం వల్ల పైకి లేస్తుంది, కుడి కొసన నిండక కిందికి వాలుతుంది, నడుమ చదునుగా ఉన్న భాగమే జవాబు. బిరడా లేకుండా మీ గొట్టంలో చదును దాదాపు ఉండదు, రెండు తప్పులూ ఒకదాన్నొకటి తాకుతున్నాయి. బిరడా పెడితే ఎడమ వైపు చదును విప్పుకుంటుంది.

దిగువన కూడా చూసుకోండి. ట్రాప్ పడవకి మరీ దగ్గరుంటే, నైట్రోజన్ మోసేది కాక వ్యాపనంతో ముందుకి పోయేది కలుస్తుంది. 5 ఎస్‌సీసీఎంకి ట్రాప్ 5 సెం.మీ.లో ఉంటే 35 శాతం అదనం. 25 సెం.మీ.లో ఉంటే వెయ్యిలో ఒక వంతు, పట్టించుకోనక్కర్లేదు.

పటమట_పిరానీ
సూక్ష్మతుల మేడమ్ చెప్పినదానికి చిన్న చేర్పు. 50 ఎస్‌సీసీఎం దగ్గర గొట్టం నడుమ గ్యాస్ వడిగా, గోడ దగ్గర నిదానంగా పోతుంది కాబట్టి పొడవు దిశలో వ్యాపనం కొంచెం ఉబ్బుతుంది. జి.ఐ. టేలర్ 1953లో చూపించిన సవరణ: 1 + (నిష్పత్తి × వ్యాసార్ధం) వర్గం ÷ 48. 50 దగ్గర అది 1.24, 5 దగ్గర 1.002. మీరు చిన్న ప్రవాహాల్లోనే ఉంటే మర్చిపోవచ్చు.

ఇంకో హద్దు ముఖ్యం. ప్రెషర్‌తో ఏమీ మారదన్న సూత్రం అణువులు ఒకదానితో ఒకటి గుద్దుకుంటున్నంత వరకే. గాలికి మీన్ ఫ్రీ పాత్ (ఒక గుద్దుకీ ఇంకో గుద్దుకీ మధ్య అణువు పోయే సగటు దూరం) 1 మిల్లీబార్ దగ్గర 0.066 మి.మీ., 0.01 దగ్గర 6.6 మి.మీ. సులువు గుర్తు: ప్రెషర్‌ని మిల్లీబార్‌లో, వ్యాసాన్ని సెం.మీ.లో పెట్టి గుణిస్తే 0.6 పైన ఉంటే మామూలు ప్రవాహం, 0.01 కింద ఉంటే అణువులు గోడల్నే గుద్దుకుంటాయి, నడుమ రెండింటి కలగలుపు. 4 మి.మీ. రంధ్రానికి 10 మిల్లీబార్ దగ్గర 4, బాగుంది. 2 దగ్గర 0.8, ఫర్వాలేదు. 1 దగ్గర 0.4, కలగలుపులోకి జారింది. 0.01కి దించితే నైట్రోజన్ అణువు నాఫ్తలీన్ అణువుని తాకే అవకాశమే తక్కువ, ఇక ఎదురు గ్యాస్ అన్న కాపలా ఉండదు.

అందుకే రోటరీ పంపు నుంచి నూనె ఆవిరి గొట్టంలోకి రాకుండా ఉండాలంటే లైను ప్రెషర్ 0.1 మిల్లీబార్ పైనే ఉంచాలంటారు. కొంచెం నైట్రోజన్ ఎప్పుడూ వదులుతూ ఉండటం ఖరీదైన ట్రాప్ కంటే బాగా పనిచేస్తుంది. డిఫ్యూజన్ పంపు పుట్టిందీ ఈ హద్దు మీదే. జర్మన్ భౌతిక శాస్త్రవేత్త గేడె 1915లో ప్రకటించిన పాదరస పంపులో గ్యాస్, పారే పాదరసపు ఆవిరిలోకి సన్నటి చీలిక గుండా వ్యాపించేది. ఆవిరి ఎదురు రాకుండా ఆ చీలికని మీన్ ఫ్రీ పాత్ అంత సన్నగా చేయాల్సి వచ్చింది. పంపు వేగం దానితోనే పడిపోయింది. మరుసటి ఏడాది లాంగ్‌మ్యూర్ చీలిక తీసేసి గోడని చల్లబరిచి, ఎదురొచ్చే ఆవిరిని అక్కడే పట్టేశాడు.

మిర్చియార్డు_రోడ్
నాఫ్తలీన్ సరే, మా బాధ నీళ్లది. మునగాకు, కరివేపాకు ఆరబెట్టే వాక్యూమ్ ట్రే డ్రయ్యర్. వాటర్ రింగ్ పంపు. ఛాంబర్‌లోకి కొంచెం గాలి వదిలితే ఆవిరిని మోసుకుపోయి త్వరగా ఆరుతుందని ఒకరు సలహా ఇచ్చారు. వదిలితే ఇంకా ఆలస్యమవుతోంది. మీ సూత్రం ఇక్కడ వర్తిస్తుందా?

ఆటోనగర్_పంపు
వర్తించదు బ్రదర్, మీది వేరే దారి. నాఫ్తలీన్ బాష్పపీడనం 0.18, లోపల గ్యాస్ 10. ఆవిరికి గ్యాస్‌లో వ్యాపించడం తప్ప దారి లేదు. మీ ఆకు 45, 50 డిగ్రీల దగ్గర ఉంటే నీటి బాష్పపీడనం 96 నుంచి 123 మిల్లీబార్. ఛాంబర్ 60 దగ్గర ఉంటే నీరు ఉడికినట్టే, ఆవిరి తన ప్రెషర్‌తోనే బయటికి తోసుకొస్తుంది. గాలి మోయాల్సిన పని లేదు.

గాలి వదిలితే రెండు చోట్ల నష్టం. పంపు ఆ గాలిని లాగాలి. కండెన్సర్ ఉంటే ఇంకా నష్టం: గాలి చల్లటి గొట్టాలకి దుప్పటిలా అంటుకుంటుంది, ఆవిరి ఆ పొరలోంచి వ్యాపించి గోడకి చేరాలి. అక్కడ మాత్రం ఈ చర్చలో అందరూ మాట్లాడుతున్న వ్యాపనమే అడ్డుపడేది. ముందు కండెన్సర్ చివర గాలి తీసే పాయింటు సరిగ్గా ఉందో లేదో చూడండి. ఆవిరి లోపలికి వచ్చే చోట కాదు, అతి చల్లటి కొసన ఉండాలి.

ఎండాకాలం రింగ్ పంపు నీళ్లు చూస్తున్నారా? ట్యాంకు మేడ మీదుంటే మేలో 35 డిగ్రీలు తేలిగ్గా దాటుతుంది. 35 డిగ్రీల నీటికే 56 మిల్లీబార్ ఆవిరి ఉంటుంది, పంపు అంతకంటే కిందికి పోదు, ఆ దగ్గర లాగే శక్తీ ఉండదు. గరగరమని గులకరాళ్లు దొర్లినట్టు చప్పుడొస్తే అది కావిటేషన్ (నీళ్లలో ఆవిరి బుడగలు పుట్టి పగలడం), ఇంపెల్లర్‌ని (పంపులో తిరిగే రెక్కల చక్రాన్ని) తింటుంది. చప్పుడు రాగానే ఛాంబర్ వాక్యూమ్ కొంచెం వదిలి నడపండి.

కాగితం_కలం
ఒక్క అంకె: గంటకి 1 కిలో నీరు 60 మిల్లీబార్, 40 డిగ్రీల దగ్గర 24 ఘనపు మీటర్ల ఆవిరి. 10 కిలోలు ఆరబెట్టాలంటే గంటకి 240. కండెన్సర్ లేకుండా పంపుతోనే లాగాలనుకుంటే కరెంటు బిల్లు చూసుకోవాలి.

మిర్చియార్డు_రోడ్
గాలి వాల్వ్ మూసేశాను. కండెన్సర్ గాలి పాయింటు పై కొసన, ఆవిరి వచ్చే పక్కనే ఉంది. మార్పిస్తాను. మీ నాఫ్తలీన్‌లోకి పొండి.

సూక్ష్మతుల
బిరడా పెట్టాక కూడా విలువ తక్కువ వస్తే ముందు అనుమానించవలసింది ఉష్ణోగ్రత. జాకెట్‌లో నీళ్లు 30 ఉంటే నాఫ్తలీన్ ఉపరితలం 30 ఉండదు. గ్రాము ఉత్పతనం చెందడానికి 570 జౌళ్ల దాకా కావాలి. ప్రెషర్ తగ్గించే కొద్దీ ఎత్తుకుపోయే బరువు పెరుగుతుంది. 50 ఎస్‌సీసీఎం, 10 మిల్లీబార్, నిండుగా అనుకుంటే నిమిషానికి 5 మి.గ్రా., 0.05 వాట్లు. తక్కువే అనిపిస్తుంది. కానీ ఆ ప్రెషర్‌లో గ్యాస్ సహజంగా తిరగదు. వేడి అందేది గోడ నుంచి వికిరణం వల్లా, గ్యాస్ గుండా వాహనం వల్లా మాత్రమే. 20 చ.సెం.మీ. ఉపరితలానికి 2 నుంచి 4 డిగ్రీలు చల్లబడుతుంది. డిగ్రీకి బాష్పపీడనం 9, 10 శాతం పడుతుంది. చూసుకోండి మరి.

5 ఎస్‌సీసీఎం దగ్గర ఇది పదో వంతు, 0.2 నుంచి 0.4 డిగ్రీలు. అదే 5 ఎస్‌సీసీఎంని 1 మిల్లీబార్‌కి దించితే మళ్లీ 2, 4 డిగ్రీలే. ప్రెషర్ జ్యామితిని మార్చదు గానీ బరువుని మారుస్తుంది, బరువు ఉష్ణోగ్రతని మారుస్తుంది. సన్నటి థర్మోకపుల్ కొసని పొడి పై పొరలోకి అర మి.మీ. లోతున పాతి, ఆ ఉష్ణోగ్రతే లెక్కలో వాడండి. పడవ గాజుది కాకుండా అల్యూమినియం రేకుదైతే గోడని తాకుతూ వేడి బాగా అందుతుంది.

పొడి కంటే కరిగించి పోసిన పలక మంచిది. 80 డిగ్రీలకి కరుగుతుంది, పడవని వేడి నీళ్ల మీద పెట్టి పోయొచ్చు. పొడిలో పై పొర ఆరిపోతూ కింది నుంచి ఆవిరి రంధ్రాల్లోంచి రావాల్సి వస్తుంది, ఉపరితలం ఎక్కడుందో చెప్పలేం.

గవర్నర్‌పేట_గాజు
నాఫ్తలీన్ ఎక్కడిది? కిరాణా కొట్టు కలరా ఉండలైతే ముందు పరీక్షించండి. కొన్ని ఉండలు నాఫ్తలీన్ కావు, పారాడైక్లోరోబెంజీన్. దాని బాష్పపీడనం చాలా ఎక్కువ, లెక్కంతా తప్పుతుంది. ఉప్పు ఇక కరగనంత వేసిన నీళ్లలో వేస్తే నాఫ్తలీన్ తేలుతుంది, అది మునుగుతుంది. మామూలు నీళ్లలోనే తేలితే కర్పూరం. ఇంకా అనుమానముంటే 60 డిగ్రీల నీళ్లలో గాజు గొట్టంలో పెట్టండి: పారాడైక్లోరోబెంజీన్ 53 డిగ్రీలకే కరిగిపోతుంది.

రబ్బరు బిరడాలు, సిలికాన్ గొట్టాలు పడవకి దిగువన ఎక్కడున్నా తీసేయండి. నాఫ్తలీన్‌ని పీల్చుకుని మర్నాడు వదులుతాయి, ఖాళీ పడవతో నడిపినా ట్రాప్‌లో తెలుపు కనిపిస్తుంది. గాజు గ్రౌండ్ జాయింట్లు లేదా వైటాన్ ఓ-రింగులు. జాయింటుకి గ్రీజు పూస్తే బయటి అంచున పలచగా, లోపలి మూడో వంతుకి పూయకండి. గ్రీజు కూడా నాఫ్తలీన్‌ని కరిగించుకుంటుంది.

బ్రాడీపేట_ల్యాబ్
ట్రాప్ గురించి ఒక సందేహం. ఐసు ట్రాప్ పెట్టినా పంపు నూనె కొన్నాళ్లకి నాఫ్తలీన్ వాసన వస్తోంది. 0 డిగ్రీల దగ్గర బాష్పపీడనం 30 దగ్గరున్నదానికి ఇరవయ్యో వంతు. మిగతా ఐదు శాతమే ఇంత వాసనా?

పటమట_పిరానీ
ఐదు శాతం ఆవిరిగా పోతుంది, దానికి తోడు మంచు పొగలా పోయేది ఉంది. చాలామంది దీన్ని లెక్కలోకి తీసుకోరు.

వేడి నైట్రోజన్ ట్రాప్‌లోకి రాగానే రెండు పనులు జరుగుతాయి: వేడి గోడకి వ్యాపిస్తుంది, ఆవిరి గోడకి వ్యాపిస్తుంది. నైట్రోజన్‌లో వేడి వ్యాపించే గుణకం 0.22, నాఫ్తలీన్ ఆవిరిది 0.07. వేడి మూడింతలు చురుగ్గా పోతుంది. అంటే ఆవిరి గోడకి చేరకముందే గ్యాస్ చల్లబడిపోతుంది, సంతృప్త స్థాయి దాటి గాల్లోనే సన్నటి స్ఫటికాలుగా విడిపోతుంది. ఆ కణాలు గోడకి అంటుకోవు, గ్యాస్‌తోపాటు పంపులోకి పోతాయి. నీటి ఆవిరికి ఈ బెడద తక్కువ, దాని వ్యాపన గుణకం 0.25, వేడి కంటే కాస్త ముందే గోడకి చేరుతుంది. ప్రెషర్ దించితే 0.22, 0.07 రెండూ ఒకే రెట్లు పెరుగుతాయి కాబట్టి ఇక్కడా ప్రెషర్ సాయం చేయదు.

చల్లదనాన్ని మెట్లుగా ఇవ్వండి. మొదటి 10 సెం.మీ. 15 డిగ్రీల నీళ్ల జాకెట్, తర్వాత ఐసు-ఉప్పు ట్రాప్, −15 దగ్గర. మూడు వంతుల ఐసుకి ఒక వంతు కల్లుప్పు బాగా కలిపితే ఆ దగ్గరికి వస్తుంది. విజయవాడ ఎండలో అరగంటకోసారి నీళ్లు వంచి ఐసు వేయాలి. చివర వదులుగా దూది ఉండంత గ్లాస్ ఊల్. గట్టిగా కుక్కితే మూసుకుపోతుంది. ట్రాప్ లోపలి గొట్టం 10 మి.మీ.కి తగ్గకుండా చేయించండి. నాఫ్తలీన్ మొదట పేరుకునేది ఆ మూతి దగ్గరే, 6 మి.మీ. అయితే మధ్యాహ్నానికే మూసేస్తుంది.

ఆటోనగర్_పంపు
పంపు వైపు: గ్యాస్ బల్లాస్ట్ (పంపులోకి కొంచెం గాలి వదిలే వాల్వ్) తెరిచి అరగంట వేడెక్కనిచ్చి అప్పుడు గొట్టానికి కలపండి. పని అయ్యాక గొట్టం మూసి మళ్లీ అరగంట బల్లాస్ట్ తెరిచి నడపండి. బల్లాస్ట్ నీరు, సాల్వెంట్ ఆవిర్లకి బాగా పనిచేస్తుంది. నాఫ్తలీన్ నూనెలో కరిగిపోతుంది కాబట్టి కొంతే తీస్తుంది. బల్లాస్ట్ మూసి చివరి వాక్యూమ్ ఎంతొస్తోందో రాసి పెట్టుకోండి, అది పదింతలు చెడితే నూనె మార్చే టైము వచ్చినట్టు. ఎగ్జాస్ట్ గొట్టం కిటికీ బయటికి పోవాలి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకి నాఫ్తలీన్ ఆవిరి రక్తకణాల్ని విరగ్గొడుతుంది, ల్యాబులో పిల్లలున్నచోట ఈ జాగ్రత్త తప్పదు.

కరెంటు పోతే పంపు ఆగి నూనె లైనులోకి ఎక్కుతుంది, పాత పంపుల్లో ఆపే వాల్వ్ ఉండదు. పంపుకీ ట్రాప్‌కీ మధ్య సోలెనాయిడ్ వాల్వ్ పెట్టండి, కరెంటు పోగానే లైను మూసి పంపు వైపు గాలి వదిలే రకం.

సూక్ష్మతుల
ప్రవాహం కొలిచే రోటామీటర్ నీడిల్ వాల్వ్‌కి ముందు, వాతావరణ పీడనం ఉన్న వైపు ఉందా? వాల్వ్ తర్వాత 10 మిల్లీబార్‌లో పెడితే దాని మీది గీతలకి అర్థం లేదు. మాస్ ఫ్లో కంట్రోలర్ అయితే దాని ఎస్‌సీసీఎం 0 డిగ్రీలకా, 20కా, 25కా అన్నది మాన్యువల్‌లో చూడండి. 7, 9 శాతం తేడా అక్కడే ఉంటుంది.

పిరానీ గేజ్‌ని ప్రెషర్ కొలవడానికి నమ్మకండి. అది వేడి వాహకతని కొలుస్తుంది, గ్యాస్ మారితే చూపించేది మారుతుంది. స్వచ్ఛమైన నీటి ఆవిరిలో అసలుకంటే 60 శాతం దాకా ఎక్కువ చూపిస్తుంది. 10 మిల్లీబార్ దగ్గర దాని సూక్ష్మత కూడా తక్కువ. కెపాసిటెన్స్ గేజ్‌ని పడవకి దిగువన, పైకి చూసే పక్క గొట్టంలో పెట్టండి.

ఇక లీకు పరీక్ష, మొదట అడిగారు కాబట్టి. పడవ తీసేసి, 0.1 మిల్లీబార్ దాకా లాగి, రెండు వైపులా మూసి పది నిమిషాలు చూడండి. గొట్టం, ట్రాప్ కలిపి 2 లీటర్లుంటే, పది నిమిషాల్లో 0.1 పెరిగితే 0.02 ఎస్‌సీసీఎం లీకు. 5లో అది 0.4 శాతం, ఊరుకోవచ్చు. పెరుగుదల సరళ రేఖలా సాగితే లీకు, పెరుగుతూ పెరుగుతూ నిదానించి నిలిచిపోతే గోడల తేమ.

బ్రాడీపేట_ల్యాబ్
బిరడా లేత్‌కి ఇచ్చాం, రోటామీటర్ వాల్వ్ తర్వాతే ఉంది, ముందుకి మారుస్తున్నాం. పడవ తూచేటప్పుడు కూడా నాఫ్తలీన్ పోతుంది కదా, దాన్ని ఎలా తీసేయాలి?

సూక్ష్మతుల
మూత ఉన్న వేయింగ్ బాటిల్‌లో పెట్టి తూచండి, తెరిచిన పడవని బ్యాలెన్స్ మీద పెట్టకండి. అసలు నష్టం తూచేటప్పుడు కాదు, పంపు వేసినప్పటి నుంచి 10 మిల్లీబార్ నిలబడేదాకా, మళ్లీ గాలి వదిలేటప్పుడు. అందుకని ఒక సున్నా రన్ చేయండి: పడవ పెట్టి, పంపు వేసి, 10కి రాగానే వెంటనే గాలి వదిలి తూచండి. ఆ తగ్గుదలని ప్రతి రన్ నుంచి తీసేయాలి. పంపు వేసేటప్పుడు నైట్రోజన్ 5 దగ్గరే ఉంచి, మెల్లగా వాల్వ్ తెరిస్తే సున్నా రన్‌లన్నీ ఒకేలా వస్తాయి. గాలి వదిలేది కూడా ఎడమ నుంచి నైట్రోజనే. కుడి నుంచి వదిలితే ట్రాప్‌లో ఉన్న సన్న పొడి లేచి పడవ మీద వాలుతుంది.